గ్రైండర్ రుబ్బి చూపించే పద్ధతి ఫోన్లోకి ఎట్లా వచ్చింది

ఈ మధ్య తిరుపతిలో చిన్న షాపులోళ్ల దగ్గరికి కూడా ఏజెన్సీ వాళ్లు వస్తా ఉన్నారు, మీ వస్తువుని త్రీడీలో పెడతాం, కస్టమర్ ఫోన్లోనే తిప్పి చూసుకుంటాడు అని. డబ్బు పెట్టేముందు ఇది యాడ మొదలైందో ఒకసారి చూడండి.

గాంధీ రోడ్డు పక్కన మా నాన్న గ్రైండర్ల షాపు నడిపేటప్పుడు బియ్యం, మినప్పప్పు పొద్దున్నే నానబెట్టుకుని వచ్చినోళ్ల ముందే రుబ్బి చూపించేవాడు, పిండి వేళ్లతో పట్టి చూసినాక ఇంక బేరం ధర మీదే. 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ వాళ్లు వాక్యూమ్ క్లీనర్ మోసుకుని ఇంటింటికీ తిరిగిందీ ఇందుకే, పని చేస్తా ఉంటే కళ్లారా చూస్తేనే మనోళ్లు నమ్ముతారు.

కంప్యూటర్లో దీనికి దారి వేసింది 1995లో యాపిల్ తెచ్చిన క్విక్‌టైమ్ వీఆర్, చుట్టూ తీసిన ఫోటోలు కలిపి మౌస్‌తో వస్తువుని తిప్పొచ్చు. మరుసటేడు ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక చాలా కంపెనీల సైట్లలో నొక్కితే కదిలే బొమ్మలే. కానీ అది ఐఫోన్లో ఆడలేదు, 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ కూడా ఆగిపోయింది, దాంట్లో కట్టుకున్న డెమోలు చాలావరకు అట్లే పోయినాయి. 2011లో వచ్చిన వెబ్‌జీఎల్ అనే పద్ధతితో అదనంగా ఏమీ ఎక్కించకుండానే బ్రౌజర్లో త్రీడీ నడిచింది. 2016 సెప్టెంబర్లో జియో వచ్చి డేటా చౌకైంది, 2017లో ఐకియా వాళ్లు సోఫాని అసలు సైజులో మన గదిలోనే పెట్టి చూపించే యాప్ ఐఫోన్లకి తెచ్చారు, 2018లో గూగుల్ ఏఆర్‌కోర్‌తో ఆండ్రాయిడ్ ఫోన్లకీ ఆ సౌకర్యం వచ్చింది, మన ఊర్లో ఎక్కువ అవే కదా.

సోఫాకి ఎందుకు పనికొచ్చిందంటే అక్కడ కస్టమర్ అనుమానం ఒక్కటే, పడుతుందా లేదా. కళ్లజోడుకైతే మొహానికి నప్పుతుందా అని. శ్రీకాళహస్తి కలంకారీ చీరని త్రీడీ బొమ్మకి చుట్టి తిప్పితే మాత్రం అది ప్రింట్ చీరలాగే కనిపిస్తుంది, నాకు చాలా బాధేస్తుంది అది చూస్తే. కరక్కాయ, పాలలో గుడ్డ తడిపి, ఇనుపముక్కలు బెల్లంతో ఊరబెట్టిన నల్లరంగుతో కలం పట్టి గీసి, ఒక్కో రంగుకీ ఉతికి ఆరేస్తారు, ఆ ఒక్కో దశనీ కస్టమర్ నొక్కి చూసేట్టు పెడితే ఆ ధర ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకోటి, ఇదంతా చట్టం లెక్కలో ప్రకటనే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఫోన్లో చూపించే త్రీడీ బొమ్మలో పదిహేను నిమిషాల్లో రుబ్బేసి ఇంట్లో ముప్పావుగంట తీసుకుంటే అది మోసమే, మా నాన్న అట్లా ఎప్పుడూ చూపించలేదు.

ఇప్పుడు షాపు మా అన్న చూస్తున్నాడు. ఏజెన్సీ చేసిచ్చిన త్రీడీ పేజీ తిరుచానూరు నుంచి వచ్చిన ఒకామె ఫోన్లో తెరుచుకోనే లేదు, అంత బరువు. ఆమె అడిగిందల్లా "అబ్బయా, ఇది మా కిచెన్ గట్టు మీద పడుతుందా, పిండి వంచేటప్పుడు గోడకి తగలదా" అని. అన్న ఆ పేజీ తీసేయించి గట్టు పొడవు, వెడల్పు కొడితే గ్రైండర్ నిలబడినప్పుడు ఎంత జాగా, వంచినప్పుడు ఎంత జాగా అని గీసి చూపించే చిన్న పేజీ పెట్టించాడు, కింద మామూలు ఫోన్‌తో తీసిన రుబ్బే వీడియో, కోత లేకుండా పూర్తిగా.