గడియారం గుండ్రంగానే ఉందా?

పిల్లలూ,

మీరు పంపిన నాటకం వీడియో చూశాను. అడ్డంగా తీసిన దాన్ని ఫోన్లో నిండుగా కనిపించాలని నిలువుగా మార్చారు కదా, పాపం రాజుగారూ మంత్రిగారూ గడకర్రల్లా అయిపోయారు. వెనక గోడ మీది గడియారమైతే వెడల్పుకి మూడింతల పొడుగుతో నిలబడింది. కాసేపు నవ్వుకున్నాను, తర్వాత ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీ కెమెరా తీసిన బొమ్మ 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు. అంటే వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు, 16:9. ఫోన్‌ని నిలబెడితే అది 9:16. పాత డబ్బా టీవీలది 4:3. ఒక ఆకారంలోది ఇంకో ఆకారంలోకి వెళ్లాలంటే నొక్కాలి, లేదా కోయాలి, లేదా ఖాళీ వదలాలి. మీరు నొక్కేశారు.

నొక్కడమే తప్పని అనను. 1953లో సినిమాస్కోప్ వచ్చినప్పుడు చేసిన పని అదే. మామూలు ఫిల్మ్ మీద ఎత్తుకి దాదాపు రెండున్నర రెట్ల వెడల్పున్న బొమ్మ పట్టాలంటే ఎలా? కెమెరాకి పెట్టిన ప్రత్యేకమైన లెన్స్ బొమ్మను అడ్డంగా సగానికి నొక్కేది. ఆ రీలు చేత్తో పట్టుకుని చూస్తే అందులో మనుషులూ మీ రాజుగారిలాగే సన్నగా ఉంటారు. హాల్లో ప్రొజెక్టర్ లెన్స్ దాన్ని మళ్లీ విప్పేది. డీవీడీల్లోనూ ఇదే తంతు. పాల్ అనే టీవీ పద్ధతికి చేసిన డిస్కులో బొమ్మ 4:3దైనా, 16:9దైనా దాచేది 720×576 చుక్కల్లోనే. ఎంత వెడల్పు చేసి చూపించాలో చెప్పే చిన్న గుర్తు ఫైల్లో ఉంటుంది. వీడియో మార్చేటప్పుడు ఆ గుర్తు పోతే మనుషులు చిక్కిపోతారు. నొక్కినదాన్ని విప్పేవాళ్లు లేకపోవడమే అసలు గొడవ.

ఇక కోయడం. 1080 ఎత్తు అలాగే ఉంచి 9:16 చేయాలంటే వెడల్పు 607.5 రావాలి. అర చుక్క ఉండదు, పైగా చాలా సాఫ్ట్‌వేర్లు సరిసంఖ్యే అడుగుతాయి, కాబట్టి 608 పెట్టుకోండి. అంటే బొమ్మలో మూడో వంతు కూడా మిగలదు! ఆ కాస్త ఎక్కణ్ణుంచి తీసుకోవాలన్నది మనిషి చూసి చెప్పాల్సిందే. నేనొకసారి బద్ధకించి "మధ్యలో కత్తిరించు" అన్న బటన్ నొక్కి వదిలేశాను. ఇద్దరు చెరో కొసన కూర్చుని మాట్లాడుకునే సీను అది. మాటలు చక్కగా వినిపించాయి, తెర మీద మాత్రం రెండు నిమిషాలు ఖాళీ గోడ. వెడల్పు సినిమాల్ని పాత టీవీలకి మార్చేటప్పుడు టెక్నీషియన్లు సీను సీనుకీ చూసుకుంటూ కోసి ఉంచుకునే ఆ భాగాన్ని, కిటికీ అనుకోండి, అటూ ఇటూ జరిపేవాళ్లు. మీరూ అలాగే జరపాలి, విసుగు పుడుతుంది, తప్పదు.

ఖాళీ వదలడం అన్నిటికన్నా తేలిక. 1080×1920 నిలువు తెరలో మీ బొమ్మ 608 ఎత్తుకి కుదించుకుని మధ్యలో కూర్చుంటుంది, పైనా కిందా 656 చొప్పున నల్లటి పట్టీలు. చిన్నగా కనిపిస్తుందని మీరు మూతి ముడుచుకుంటారని తెలుసు. కానీ ఎవరూ తెగిపోరు, ఎవరూ సాగిపోరు. ఆ పట్టీల్లో అదే వీడియోని మసకగా నింపే ఫ్యాషన్ ఒకటుంది, నాకైతే కళ్లకి చిరాకు.

మార్చడం అయ్యాక చక్రమో, పళ్లెమో, గడియారమో ఏదైనా గుండ్రటిది వెతికి చూడండి. గుండ్రంగా లేకపోతే ఆ ఫైలుని మళ్లీ సాగదీయకండి, ఒరిజినల్ నుంచే మొదలుపెట్టండి. మార్చిన ప్రతిసారీ స్పష్టత కాస్త తగ్గుతుంది.

ఇంతకీ ఒరిజినల్ ఉందా, డిలీట్ చేశారా? ఉంటే పంపండి. సింహాసనం ఎడమవైపు ఉంది కాబట్టి రాజుగారి సీన్లకి కిటికీ అటు జరిపితే చాలు. యుద్ధం సీనుకి మాత్రం పట్టీలే, సైనికుల్ని ఒక్కణ్ణి కూడా కోయనివ్వను.

మీ తాతయ్య