పది కోట్ల గింజలు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మీలో చిన్నది మంచి ప్రశ్న అడిగింది. “లండన్‌లో ఒకాయన హాలు నిండా పొద్దుతిరుగుడు గింజలు పోశాడట తాతయ్యా! కిరాణా కొట్టు ముందు బస్తా ఒలికితే అది కూడా కళేనా?”

కాదమ్మా. అవి తినే గింజలు కావు, పింగాణీవి. చైనాలో జింగ్‌డెజెన్ అనే ఊరుంది. ఒకప్పుడు చక్రవర్తుల పింగాణీ సామాను తయారైన ఊరు. అయ్ వెయ్‌వెయ్ అనే కళాకారుడు అక్కడ దాదాపు 1,600 మంది చేత ఆ గింజలు చేయించాడు. అచ్చు పోయడం, కాల్చడం, ఒక్కొక్క గింజ మీదా కుంచెతో చారలు గీయడం, మళ్లీ కాల్చడం. అలా రెండేళ్లకు పైగా పనిచేస్తే సుమారు పది కోట్ల గింజలయ్యాయి. 2010 అక్టోబరులో వాటిని టేట్ మోడర్న్ మ్యూజియంలోని టర్బైన్ హాలు నేల మీద పరిచారు. దూరం నుంచి అంతా ఒకటే బూడిదరంగు. దోసిట్లోకి తీసుకుంటే ఒక గింజ మీద చార మరో గింజ మీద లేదు! మొదట జనాన్ని వాటి మీద నడవనిచ్చారు. పింగాణీ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని కొద్ది రోజులకే ఆపేశారు.

ఇంత శ్రమ ఎందుకంటారా? ఆయన చిన్నతనంలో చైనాలో అప్పటి నాయకుడు మావోను సూర్యుడిగా, జనాన్ని ఆయన వైపు తిరిగిన పొద్దుతిరుగుడు పూలుగా పోస్టర్లలో చూపించేవారు. రోజూ ఆ బొమ్మ చూస్తూ పెరిగిన పిల్లవాడికి, అలా తిరగడం ఎవరో నేర్పిన పని అనిపించదు. తన మనసే అలా కోరుతోంది అనుకుంటాడు.

పాలు తోడుపెట్టడం చూశారు కదా? గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేసి మూత పెడతారు. రాత్రంతా ఏ అలికిడీ ఉండదు. తెల్లారేసరికి గిన్నెలో పెరుగు ఉంటుంది. మనసూ అంతే. ఇంట్లో మాట, వీధిలో మాట, బడిలో నవ్వు, అన్నీ తోడు చుక్కలే. మా చిన్నప్పుడు ఇంట్లో తోడు లేకపోతే అమ్మ నాకొక చిన్న గిన్నె ఇచ్చి, వీధి చివరి మామ్మగారింటికి పంపేది. ఆవిడ పెరుగు కత్తితో కోయవచ్చునన్నంత గట్టిగా, కమ్మగా ఉండేది. పక్కిల్లే దగ్గర కదా అంటే అమ్మ ఒప్పుకునేది కాదు. ఆ తోడు పులుపు, తెస్తే నాలుగు రోజులు మా పెరుగూ పులుపే. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, చల్లారిపోతే తోడుకోదు. అందుకే చలికాలంలో గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టేది. మీ వయసు మనసు సరిగ్గా గోరువెచ్చని పాలు. ఏ ఇంటి తోడు పడుతోందో చూసుకోండి. పదిమంది కలిసి ఒకడిని వెక్కిరిస్తుంటే మీకూ నవ్వొస్తుంది చూడండి, ఆ నవ్వు మీదేనా అని ఒక్క క్షణం ఆగి అడగండి.

అయ్ వెయ్‌వెయ్ తండ్రి అయ్ చింగ్ పెద్ద కవి. ప్రభుత్వం ఆయనను కుటుంబంతో సహా దూరాన షిన్‌జియాంగ్‌కు పంపి, మరుగుదొడ్లు కడిగించింది. ఆ లేమి రోజుల్లో జనానికి ఈ గింజలే చిరుతిండి. పక్కవాడికి గుప్పెడు పెట్టి, కబుర్లు చెప్పుకుంటూ నమిలేవారు. గోడ మీది పువ్వు అందరినీ ఒకే వైపు చూడమంది. జేబులోని గింజ మాత్రం మనిషిని మనిషి దగ్గరికి చేర్చింది. ఆ హాలులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

మరొకటి చెబుతాను, నమ్మకపోయినా ఫరవాలేదు. పోస్టర్లో గీసినట్టు ఆ పువ్వు ఎప్పుడూ సూర్యుడి వెంట తిరగదు. లేత మొక్కగా, మొగ్గగా ఉన్నప్పుడు తిరుగుతుంది. ఎదుగుదల పూర్తయి విచ్చుకున్నాక తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. పొద్దుటి ఎండకు త్వరగా వెచ్చబడి, తేనెటీగలను ఎక్కువగా రప్పించుకుంటుంది. ఎంత విచిత్రం!

ఈ రబీలో పొద్దుతిరుగుడు చేను ఎక్కడ కనిపించినా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే గట్టు మీద నిలబడి చూడండి. మొగ్గలను వేరుగా, విచ్చిన పూలను వేరుగా గమనించండి. ఏది ఎటు చూస్తోందో బొమ్మ గీసి పంపండి.

మీ
తాతయ్య