ఆవిరికి పీట వేసిన ధూళి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మేఘం ఎలా పుడుతుందని అడిగితే మీరు తడుముకోకుండా చెబుతారు. నీరు ఆవిరై పైకి పోతుంది, అక్కడ చల్లబడి మేఘమవుతుంది అని. బడిలో నేను కూడా ముప్ఫై ఏళ్లు అలాగే చెప్పాను. అది తప్పు కాదు, సగం మాట. మిగతా సగాన్ని వెతికిన మనిషి గురించి మీ అమ్మానాన్నలకు చెప్పలేకపోయాను. మీకైనా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయన పేరు జాన్ ఎయిట్కెన్. 1839లో స్కాట్లాండ్‌లోని ఫాల్కిర్క్‌లో పుట్టారు. ఓడల యంత్రాల ఇంజనీరు కావాలని పని నేర్చుకున్నారు కానీ ఆరోగ్యం దెబ్బతినడంతో ఆ వృత్తి వదిలేయవలసి వచ్చింది. ఇంట్లోనే ప్రయోగశాల పెట్టుకుని, కావలసిన పరికరాలు తానే తయారుచేసుకుంటూ జీవితమంతా పరిశోధన చేశారు. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆయనకు ఉద్యోగం లేదు.

ఆయన చేసిన ప్రయోగం చూడండి. రెండు గాజు పాత్రలు తీసుకున్నారు. ఒకదానిలో మామూలు గాలి ఉంది. రెండోదానిలోకి దూదిలోంచి వడకట్టిన గాలిని పంపారు. తరువాత రెండింటిలోకీ ఆవిరి వదిలారు. మొదటి పాత్ర తెల్లటి పొగమంచుతో నిండిపోయింది. రెండోది తేటగానే ఉంది! అందులోనూ ఆవిరి ఉంది, చల్లదనమూ ఉంది. లేనిది ధూళి ఒక్కటే. చుక్కగా మారాలంటే ఆవిరికి కూర్చోవడానికి ఒక పీట కావాలి, ధూళి కణమే ఆ పీట. 1880లో ఎయిట్కెన్ ఈ సంగతిని ఎడిన్‌బరోలోని రాయల్ సొసైటీ ముందు ఉంచారు. ఫ్రాన్సులో కూలియే అనే శాస్త్రవేత్త 1875లోనే ఇలాంటి ఫలితం చూశారని తరువాత తెలిసినప్పుడు, ఆ మాట అచ్చులోనే ఒప్పుకున్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

గాలిలో ధూళే లేకపోతే ఏమవుతుందో కూడా ఆయన ఆలోచించారు. పొగమంచు ఉండదు, మేఘం ఉండదు. ఆవిరి నేరుగా మన ఒంటి మీద, బట్టల మీద, గోడల మీద, చెట్ల మీద నీరై పేరుకుంటుంది. ఇక గొడుగు ఎందుకు పనికివస్తుంది?

సరే, ఆ కణాలు ఎన్ని ఉన్నాయి? కంటికి కనిపించని వాటిని లెక్కపెట్టడం ఎలా? ఇక్కడే ఆయన తెలివి నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. కణం కనిపించదు కానీ దాని మీద నీరు చేరితే చుక్క కనిపిస్తుంది కదా! తడి గాలి ఉన్న చిన్న పెట్టెలో పంపుతో గాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేస్తే అది చల్లబడుతుంది. ఒక్కో కణం మీద ఒక్కో చుక్క ఏర్పడి, మిల్లీమీటరు గళ్లు గీసిన అద్దం మీద వానలా రాలుతుంది. గళ్లలో పడిన చుక్కలను భూతద్దంతో లెక్కపెట్టేవారు. మరీ ఎక్కువైతే వడకట్టిన గాలిని కొలతగా కలిపి పలుచన చేసేవారు.

ఆయన లెక్కలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఒక ఘన సెంటీమీటరు గాలిలో, వాన పడుతున్నప్పుడు ఆరుబయట 32,000 కణాలు. పొడి వాతావరణంలో 1,30,000. గదిలో 18,60,000. అదే గదిలో పైకప్పు దగ్గర 54,20,000! ఆ పరికరాన్ని జేబులో పట్టేంత చిన్నదిగా కూడా తయారుచేసి, స్విట్జర్లాండ్‌లోని రిగి పర్వతం మీద కూడా లెక్కపెట్టారు. మిల్లీమీటరులో పదివేలో వంతు కన్నా చిన్న కణాలను ఇప్పటికీ ఎయిట్కెన్ కేంద్రకాలు అంటారు.

మరో సంగతి. పొద్దున్నే గడ్డి కొసన మెరిసే చుక్కలన్నీ మంచు కావనీ, వాటిలో చాలావరకు మొక్క తన లోపలి నుంచి బయటికి పంపిన నీరేననీ 1885లో ఆయన చూపించారు. మన వరి నారు ఆకుల కొసలను తెల్లవారుజామున గమనించండి, మీకే కనిపిస్తుంది.

ఆయన చూపిన దారిలోనే సి.టి.ఆర్. విల్సన్ అనే యువకుడు నడిచారు. 1894లో స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ కొండ మీద మేఘాల మధ్య రెండు వారాలు గడిపి, ఆ అందాన్ని ప్రయోగశాలలో సృష్టించాలనుకున్నారు. ధూళి తీసేసిన గాలిని ఇంకా ఎక్కువగా వ్యాకోచింపజేస్తే, అయాన్లు అనే విద్యుదావేశం ఉన్న కణాల మీద కూడా చుక్కలు కడతాయని కనుగొన్నారు. అలా పుట్టిన మేఘపు పెట్టెలో అణువుకన్నా చిన్న కణాల జాడలు కనిపించాయి. 1927లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎయిట్కెన్ 1919లోనే కన్నుమూశారు. ఆ రోజు ఆయన ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

గాలిలో తేలే ఈ రేణువులనే ఇప్పుడు ఏరోసాల్స్ అంటున్నారు. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో లేజర్ కిరణాన్ని ఆకాశంలోకి పంపి, తిరిగి వచ్చే వెలుతురును బట్టి ఏ ఎత్తులో ఎంత ధూళి ఉందో తెలుసుకుంటున్నారు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. పల్చటి ప్లాస్టిక్ నీళ్ల సీసాలో చెంచాడు గోరువెచ్చని నీళ్లు పోసి, మూత బిగించి, గట్టిగా నొక్కి వదలండి. తరువాత పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, అగరుబత్తి పొగ కాస్త లోపలికి పంపి మళ్లీ నొక్కి వదలండి. రెండుసార్లూ లోపల ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య