పోసింది గానీ పోలేదు

సత్యనారాయణపురంలో ఉండే మా పెద్దమ్మకి డెబ్బై దాటాక నడుముకి ఎడమపక్క నిప్పులు పోసినట్టు మంట మొదలైంది. రెండ్రోజులకి పొక్కులు లేచాయి, వెన్ను నుంచి పొట్ట దాకా పట్టీ కట్టినట్టు. కుడిపక్క ఒక్కటీ లేదు. చూసినవాళ్లంతా సర్పి అన్నారు. ఎర్రమట్టి పూయమన్నారు. డాక్టరుగారు మాత్రం "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అని అడిగారు. పోసింది. వేపాకు మీద పడుకోబెట్టిందీ, తగ్గాక నీళ్లు పోసిందీ ఆవిడకి ఇంకా గుర్తే.

రెంటికీ వైరస్ ఒకటే, వారిసెల్లా జోస్టర్. ఒంట్లో నిద్రపోతున్న ఆటలమ్మే సర్పిగా లేస్తుందని 1965లో వాదించింది హోప్-సింప్సన్ అనే ఇంగ్లండు డాక్టరు, అదీ ఓ చిన్న ఊళ్లో మామూలు ప్రాక్టీసు చేసుకునే మనిషి. చర్మం మానినా, వైరస్ వెన్నుపాము పక్కనుండే నాడుల ముడుల్లో దాక్కుంటుంది. ఒక్కో ముడి నుంచి వెళ్లే నాడి చర్మంలో ఒక్క పట్టీకే, ఒక్క పక్కకే.

మరి అరవై ఏళ్లు దాన్ని లేవనివ్వనిది ఎవరు? యాంటీబాడీలనుకుంటాం. అవి కణం బయట తిరిగే వైరస్‌ని పట్టుకుంటాయి. లోపల నక్కినదాన్ని పసిగట్టేవి టి కణాలు అనే తెల్ల రక్తకణాలు. ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తనలో తయారవుతున్న ప్రోటీన్ల ముక్కల్ని పైపొర మీద పెట్టి చూపిస్తుంటుంది. ఆ ముక్క మన ఒంటి సొంత గుర్తులో ఇమిడి కనిపిస్తేనే టి కణం పోల్చుకుంటుందని 1974లో డోహర్టీ, జింకర్‌నాగెల్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. 1996లో నోబెల్ వచ్చింది. ముక్క పరాయిదని తేలితే, చంపే టి కణం ఎదుటి కణానికి చిల్లుపెట్టి ఎంజైములు దింపుతుంది. ఆ కణం తనను తానే కూల్చుకుంటుంది.

ఈ వైరస్ తెలివి చూడండి: ఆటలమ్మ పోసినప్పుడు చర్మం దాకా అది వెళ్లేది టి కణాల్లో దూరే. దొంగ పోలీసు జీపెక్కి తిరగడమన్నమాట.

టి కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి వయసుతో కుంచించుకుపోతుంది. యాంటీబాడీలు ఉన్నా, టి కణాల పట్టు సడలితే సర్పి లేస్తుంది. అందుకే 2023లో మన దేశానికొచ్చిన సర్పి టీకా, యాభై దాటినవాళ్లకి రెండు డోసులు, ముఖ్యంగా టి కణాలనే తట్టిలేపుతుంది. పెద్దమ్మకి ఆ సంగతి అప్పటికి తెలీదు.

పొక్కులు మానుతుండగా, ఆవిడ పక్కలోనే పడుకునే నాలుగేళ్ల మనవడికి ఆటలమ్మ పోసింది. ఊళ్లో ఎక్కడా లేదే, వీడికెలా అంటుకుందని సందంతా ఆరా తీశారు.