షూట్ కొడితే క్రాస్ పోయింది

హనుమకొండ,
నవంబర్ 2025

బిడ్డా, కొడుకా, ఇద్దరికీ పెద్దబాపు దీవెనలు.

దసరా అయి నెల దాటింది. ఈ ఉత్తరం అప్పుడే రాయాల్సింది. పత్తి ఏరించడం, వానకు తడిసింది ఆరబెట్టించడం, ఊరికీ ఇక్కడికీ తిరగడంతోనే సరిపోయింది. మీరిద్దరూ ఇంకా సరిగ్గా మాట్లాడుకోవట్లేదని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, అందుకే ఇవాళ కూర్చున్నాను. పండగనాడు జమ్మి ఆకు పట్టుకుని మా కాళ్ళు మొక్కారు, అందరినీ అలుముకున్నారు. మీ ఇద్దరి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దూరం నుంచి చేయి చాపి ఆకు ఇచ్చుకున్నారు. నేను చూడలేదనుకున్నారు.

తగువు నాకు తెలుసు. తమ్ముడికి బతుకమ్మ రోజుల్లోనే, సెప్టెంబర్ 26న వచ్చిన ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 26 అనే ఫుట్‌బాల్ వీడియో గేమ్ కావాలి. పోయినేడు కొన్న 25 ఇంట్లోనే ఉంది. అక్కేమో ఫోన్‌లో ఈఫుట్‌బాల్ ఆడుతుంది, రూపాయి ఖర్చు లేదు, అసలైన ఫుట్‌బాల్ అదే అంటుంది. "పెద్దబాపూ, నువ్వు షాపు నడిపినవ్ కదా, నువ్వే చెప్పు" అని ఇద్దరూ నా మీద పడ్డారు. ఆరోజు ఇంటినిండా చుట్టాలు, మాట దాటేశాను. ఇప్పుడు చెప్తాను, కాస్త పొడుగే అవుతుంది.

మీరు పుట్టకముందు సంగతి. 2003లో హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో ఒక చిన్న మడిగె కిరాయికి తీసుకున్నాను. ముందు నాలుగు టీవీలు, వాటికి తగిలించి ఆడే నాలుగు ప్లేస్టేషన్ 2 గేమ్ మిషన్లు, వెనక ఆరు కంప్యూటర్లు. గంటకు పదిహేను రూపాయలు, ఇద్దరు కలిసి ఆడితే ఇరవై. అందులో నడిచిన డిస్కుల్లో సగం దొంగవే, మీ దగ్గర ఎందుకు దాస్తాను. ఆ రోజుల్లో అసలుది మన ఊళ్ళో దొరికేదే కాదు.

సాయంత్రం అయ్యిందంటే రెండు గుంపులు వచ్చేవి. ఒకటి ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ పిల్లలు. వాళ్ళకు ఫీఫా కావాలి. తమ్ముడు అడిగే ఎఫ్‌సీకి పాత పేరు అదే. రెండోది కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్లలు. వాళ్ళు పొద్దున గ్రౌండ్‌లో నిజంగా బాల్ తన్ని, మోకాలికి కట్టుతో వచ్చి కూర్చునేవారు. వాళ్ళకు పెస్ కావాలి, అంటే ప్రో ఎవల్యూషన్ సాకర్. కొడుకా, అది మీ అక్క ఆడే ఈఫుట్‌బాల్‌కు తాత.

ఎందుకలా చీలిపోయారని అడిగితే ఒక రైల్వే అబ్బాయి చెప్పిన మాట నాకింకా గుర్తుంది: "అంకుల్, ఫీఫాలో బాల్ కాలికి అతుక్కుని ఉంటది. పెస్‌లో బాల్ వేరే, కాలు వేరే." నిజమే. పెస్‌లో పాస్ కాస్త గట్టిగా వస్తే బాల్ ఆటగాడి కాలికి తగిలి గజం దూరం పోయేది, దాన్ని అందుకోవడానికి పరుగెత్తాలి. గ్రౌండ్‌లో ఆడినవాడికి ఆ గజం దూరమే ఆట. హాస్టల్ పిల్లలకు మాత్రం టీవీలో చూసే మ్యాచ్‌లాగే ఉండాలి, అదే జెర్సీ, అవే పేర్లు.

పేర్ల దగ్గరే అసలు గొడవ. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ, అదే ఈఏ, ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫీఫా సంస్థ పేరు వాడుకునే హక్కు కొనుక్కుని 1993 డిసెంబర్‌లో మొదటి ఆట తెచ్చింది. తమాషా ఏమిటంటే అందులో ఆటగాళ్ళ పేర్లన్నీ ఉత్తుత్తివే, దేశాల జట్లు తప్ప క్లబ్బులు కూడా లేవు. తర్వాత తర్వాత లీగులతో ఒప్పందాలు చేసుకుంటూ పోయింది. జపాన్ కంపెనీ కొనామి కూడా తొంభైలలోనే ఫుట్‌బాల్ ఆటలు మొదలుపెట్టింది, తన దేశంలో వాటిని విన్నింగ్ ఎలెవన్ పేరుతో అమ్మేది. 2001లో యూరప్‌కు పెస్ అనే పేరు ఖాయం చేసింది. ఆట బాగుంది, హక్కులు మాత్రం లేవు. అందుకని ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌ను లివర్‌పూల్ అనలేక "మెర్సీసైడ్ రెడ్" అని పెట్టింది. బ్రెజిల్ ఆటగాడు రాబర్టో కార్లోస్ ఒకప్పుడు "రాబర్టో లార్కోస్" అయ్యాడు. ఒక పాత భాగంలో నెదర్లాండ్స్ జట్టు మొత్తానికీ "ఆరెంజెస్" అనే పేరే, పక్కన నంబర్లు.

హాస్టల్ పిల్లలు నవ్వేవారు. రైల్వే పిల్లలు మాత్రం ఊరుకోలేదు. ఒకడు ఆదివారం పొద్దున్నే వచ్చి, చిన్న నోట్‌బుక్కులో రాసుకొచ్చిన పేర్లు ముందర పెట్టుకుని, ఆటలోనే పేర్లు మార్చుకునే ఎడిట్ మోడ్‌లో కూర్చున్నాడు. కీబోర్డు లేదు. రిమోట్‌తో ఒక్కో అక్షరం దగ్గరికి జరిగి నొక్కాలి. ఒక జట్టు పేర్లు మార్చడానికి రెండు గంటలు పట్టింది. జెర్సీ రంగు కలపడానికి ఇంకో గంట. మధ్యాహ్నం కరెంటు పోయింది, వాడు సేవ్ చేయలేదు. ఆ పిల్లాడి మొహం చూసి ఆ రోజు డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు.

ఇంకో ముచ్చట చెప్తే నవ్వుతారు. పెస్‌లో షూట్ కొట్టాలంటే డబ్బా బటన్, క్రాస్ వేయాలంటే, అంటే పక్క నుంచి గోల్ ముందుకు బాల్ లేపాలంటే, సున్నా బటన్. ఫీఫాలో సరిగ్గా తిరగేసి: షూట్‌కు సున్నా, క్రాస్‌కు డబ్బా. ఒకటి అలవాటైనవాడు రెండోది ముట్టుకుంటే ఇక చూడాలి. గోలీ కింద పడి ఉన్నాడు, గోల్ ఖాళీ, చేయాల్సిందల్లా షూట్ నొక్కడమే. వీడు నొక్కుతాడు. బాల్ గాల్లోకి లేచి గోల్ ముందు నుంచి అవతలి లైను దాటిపోతుంది. వెనక నిలబడ్డవాళ్ళు కుర్చీలు కొట్టి నవ్వేవారు. సెట్టింగ్స్‌లోకి పోయి బటన్లు మార్చుకోవచ్చు కానీ, మార్చుకున్నవాడు అలాగే వదిలేసి పోతే తర్వాత వచ్చినవాడు నన్ను తిట్టేవాడు. చివరికి గోడ మీద అట్టముక్క పెట్టాను: "బటన్లు మార్చరాదు." దాని పక్కనే 2006లో ఇంకో అట్టముక్క వచ్చింది: "ఇంటర్ మిలాన్ తీసుకోరాదు." ఎందుకంటే ఆ ఏడాది పెస్ 6లో ఇంటర్‌కు ఆడే అడ్రియానో అనే బ్రెజిల్ ఆటగాడి షాట్ పవర్ 99 పెట్టారు. ఎడమకాలితో ఎంత దూరం నుంచి కొట్టినా గోలే. డబ్బులు పందెం కాసుకుంటున్నారని తెలిసి ఆ రూలు పెట్టాల్సి వచ్చింది.

నేనెటు అని అడుగుతారు. షాపు ఓనర్‌గా రెండూ. రాత్రి షట్టర్ సగం దించాక మాత్రం పెస్‌లో మాస్టర్ లీగ్ ఆడేవాణ్ణి. అందులో మొదట మీకిచ్చే జట్టు దండగమారి జట్టు. కాస్టోలో, మినాండా, హిమెలెస్ అని ఎక్కడా లేని పేర్లు, పరుగెత్తలేరు, పాస్ ఇవ్వలేరు. గెలిచి పాయింట్లు కూడబెట్టి వాళ్ళను అమ్మి మంచివాళ్ళను కొనాలి. నేను కాస్టోలోను ఎప్పుడూ అమ్మలేదు. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇక అసలు విషయం. మీ ఇద్దరి ఆటల్లో ఏది మంచిదంటే, ఏ ఏడాది అని నేను తిరిగి అడగాలి. 2006లో అడిగితే పెస్ అనేవాణ్ణి. మరుసటి ఏడాది కొనామి ప్లేస్టేషన్ 3కి మారబోయి తడబడింది. కొత్త మిషన్ మీద ఆట ఆగి ఆగి నడిచింది. ఈఏ అదే సమయంలో కొత్త మిషన్లకు ఆటను కింది నుంచి కొత్తగా కట్టుకుంది. ఫీఫా 10లో ఒక మార్పు తెచ్చింది, మీకిప్పుడు అది మార్పులాగే అనిపించదు. అంతకుముందు ఆటగాడు చదరంగంలో మంత్రి కదిలినట్టు ఎనిమిది దిక్కులకే తిరిగేవాడు. 10 నుంచి ఎటు కావాలంటే అటు తిరగగలిగాడు. నా షాపులో రైల్వే పిల్లల్లో సగం మంది ఆ ఏడే ఫీఫా టీవీల దగ్గరికి జరిగిపోయారు. పెస్ ఒత్తిడి లేకపోతే ఫీఫా అంత కష్టపడేదా? నాకు నమ్మకం లేదు. ఎనుమాముల యార్డుకు మిర్చి తీసుకుపోయినప్పుడు నలుగురు ఖరీదుదార్లు ఉంటే బస్తా బస్తాకూ పాట పెరుగుతుంది, ఒక్కడే ఉంటే ఆయన చెప్పిందే ధర. మీ నాన్నను అడగండి, చెప్తాడు.

పోటీ తగ్గుతూ వచ్చాక ఈఏ ఏం చేసిందో చూడండి. 2009 మార్చిలో ఫీఫా 09కు అదనంగా అల్టిమేట్ టీమ్ వచ్చింది. ఆటగాళ్ళ కార్డుల ప్యాకెట్లు కొని జట్టు కట్టుకోవాలి. ప్యాకెట్లో ఎవరొస్తారో తెలియదు. మా చిన్నప్పుడు జాతరలో చీటీ తీసి వస్తువు ఇచ్చేవాడు ఉండేవాడు, అచ్చం అదే. 2021 మార్చితో ముగిసిన ఒక్క ఏడాదిలో ఈ కంపెనీకి తన ఆటలన్నింటిలో కలిపి అల్టిమేట్ టీమ్ మీద వచ్చింది 162 కోట్ల డాలర్లు, అందులో పెద్ద వాటా ఫీఫాదే. ఇది జూదంలాగే ఉందని బెల్జియం ప్రభుత్వం పట్టుబడితే 2019లో అక్కడ ఆ ప్యాకెట్లు కొనే పాయింట్లు డబ్బుకు అమ్మడం మానేశారు. ఏ ప్యాకెట్లో ఎవరొచ్చే అవకాశం ఎంతో చూపడం ఫీఫా 19తో మొదలైంది. కొడుకా, నువ్వు పోయినేడు రాత్రిళ్ళు కూర్చుని కట్టిన జట్టు 26లోకి రాదు. మళ్ళీ సున్నా నుంచి. కొత్త ఆట ఎందుకు కొనాలంటావో నాకు అర్థమైంది ఇక్కడే: నీ స్నేహితులంతా అక్కడికి వెళ్ళిపోతారు, నువ్వొక్కడివే పాత ఊళ్ళో మిగిలిపోతావు. ఆ బాధ నేను కాదనను.

కానీ ఏడాదిలో కొత్త ఆట తయారవుతుందని మాత్రం అనుకోకు. యూరప్ లీగులు ఆగస్టులో మొదలవుతాయి, ఆటగాళ్ళు క్లబ్బులు మారే గడువు సెప్టెంబర్ మొదట్లో ముగుస్తుంది, ఆ నెలాఖరుకల్లా డిస్కు బయటికి రావాలి. లోపలి ఇంజిన్ పాతదే, దాని మీద మరమ్మతులు, కొత్త పేర్లు, కొత్త జెర్సీలు. ఒక్కో ఏడాది నిజంగానే ఏదో ఒకటి మారుతుంది. ఈసారి 26లో ఆన్‌లైన్ పోటీకి ఒక తీరు, ఒంటరిగా ఆడుకునేవాళ్ళకు నిదానంగా సాగే ఇంకో తీరు అని విడదీశారు. మంచి పనే. పండగ వారంలోనే కొనాలన్నంత పనా అంటే, నేనైతే ఫిబ్రవరి దాకా ఆగుతాను, అప్పటికి ధర దిగుతుంది.

బిడ్డా, నవ్వకు, నీ వంతూ ఉంది. నీ కొనామి 2021 సెప్టెంబర్ 30న పెస్ పేరు తీసేసి ఈఫుట్‌బాల్ అని ఉచితంగా వదిలినప్పుడు లోకమంతా నవ్వింది. ఆటగాళ్ళ మొహాలు వంకర్లు పోయాయి, జట్లు కొన్నే ఉన్నాయి, కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. సరిచేసిన మొదటి పూర్తి వెర్షన్ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో గానీ రాలేదు. ఇప్పుడు బాగుందని నువ్వంటే ఒప్పుకుంటాను, నీ ఫోన్‌లో నేనూ ఆడి చూశాను, ఆ పాత గజం దూరం ఇంకా ఉంది. కానీ ఉచితం అన్నది దుకాణం లోపలికి రావడానికే. లోపల నీకూ చీటీలే అమ్ముతారు. పోయిన ఎండాకాలం మీ అమ్మ ఫోన్ నుంచి రెండుసార్లు పోయిన డబ్బుల సంగతి నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు.

పేర్ల కథ చివరికి ఎటు తిరిగిందో వినండి. 2019లో కొనామి ఇటలీ క్లబ్బు యువెంటస్‌ను తనకొక్కదానికే రాయించుకుంది. దాంతో ఫీఫా 20లో యువెంటస్ "పియెమోంటే కాల్చో" అయ్యింది. అప్పటికి నా షాపు మూసి చాలా ఏళ్ళయింది, లేకపోతే మెర్సీసైడ్ రెడ్‌ను చూసి నవ్వినవాళ్ళను పిలిచి చూపించేవాణ్ణి. తర్వాత ఈఏకూ ఫీఫా సంస్థకూ లెక్క కుదరక 2022లో విడిపోయారు. ఫీఫా 23 ఆఖరిది, 2023 సెప్టెంబర్ నుంచి ఎఫ్‌సీ. ఆ ఫీఫా సంస్థే ఇప్పుడు తన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్పును ఈఫుట్‌బాల్ మీద పెడుతోంది, 2024 నుంచి. ముప్పై ఏళ్ళు ఒకరింట్లో ఉన్న పేరు ఎదురింటికి పోయింది.

ఫీఫా 22లో మన ఇండియన్ సూపర్ లీగ్ పెట్టారు. నా స్నేహితుడి కొడుకు దగ్గర చూశాను, హైదరాబాద్ ఎఫ్‌సీ అని పసుపు జెర్సీ. ఆ సీజన్లోనే, 2022 మార్చి 20న గోవాలో, ఆ జట్టు కేరళను పెనాల్టీల్లో ఓడించి నిజంగా కప్పు గెలిచింది. క్లబ్బు ఈ ఏడాది ఢిల్లీకి తరలిపోయింది, అది వేరే బాధ. హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే మా నాన్నకు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన కోచ్‌గా ఉండగా 1956 ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది. అలాంటి జట్టును పెట్టి ఎవరూ ఆట తయారుచేయలేదు. చేస్తే పండగ వారంలోనే కొనిస్తాను, మాట.

సంక్రాంతికి ఇద్దరూ వస్తున్నారు కదా. సజ్జ మీద నుంచి ఒక ప్లేస్టేషన్ 2 దింపాను. రెండు రిమోట్లలో ఒకటి పనిచేస్తోంది, రెండోదానికి సున్నా బటన్ గట్టిగా నొక్కాలి. మెమరీ కార్డు పెట్టి చూస్తే నా మాస్టర్ లీగ్ అలాగే ఉంది, కాస్టోలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తమ్ముడు ఫీఫా అలవాటుతో షూట్ అనుకుని సున్నా నొక్కుతాడు, బాల్ ఎటు పోతుందో అక్కకు చెప్పాల్సిన పని లేదు. అట్టముక్క కూడా దొరికింది, బటన్లు మార్చనివ్వను.

మీ అమ్మకు, నాన్నకు చెప్పండి, సకినాల పిండి పట్టించి ఉంచమని మీ పెద్దమ్మకు ఇప్పుడే చెప్పానని.

మీ
పెద్దబాపు