తెల్లారేలోపు బ్యాచ్ ముగియాలంటే

పాలకొల్లు

చిరంజీవి పిల్లలకు ఆశీస్సులు.

ఖాతాలన్నిటి వడ్డీలూ లావాదేవీలూ ఒక్క విడతలో లెక్కకట్టే మీ బ్యాంకు ప్రోగ్రాం, అదే బ్యాచ్, రాత్రి పదింటికి మొదలెడితే పొద్దున బ్యాంకు తలుపులు తీసే వేళకీ నడుస్తూనే ఉందని రాశారు. ఇక దాళ్వా మాసూళ్లయి ధాన్యం డబ్బులు ఖాతాల్లో పడే రోజుల్లో చెప్పక్కర్లేదు. అయినా కొత్త సర్వరు కొనిపెట్టమని అప్పుడే మేనేజరు గారి మీద పడకండి.

ముందు లాగ్, అంటే ఏ పని ఎప్పుడు జరిగిందో ప్రోగ్రాం రాసిపెట్టుకునే చిట్టా తీసి, ఏ స్టెప్పు ఎంతసేపు నడిచిందో, అందులో సీపీయూ ఎంతసేపు వాడుకుందో పక్కపక్కన రాయండి. మూడు గంటల స్టెప్పు సీపీయూని పది నిమిషాలే వాడిందంటే, మిగతా కాలమంతా డిస్కు కోసమో, డేటాబేస్ జవాబు కోసమో, లాకుల (ఒకరు మారుస్తున్న రికార్డుని ఇంకొకరు ముట్టకుండా వేసే తాళాల) కోసమో కాచుక్కూచుందన్నమాట. అక్కడ వడ్డీ ఫార్ములాని ఎంత నాజూగ్గా తిరగరాసినా దండగే. రాత్రి మొత్తంలో నూటికి అయిదు వంతులు తినే స్టెప్పుని సున్నా చేసినా మిగిలేది ఆ అయిదే. 1967లో కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్‌డాల్ సమాంతర ప్రాసెసర్ల గురించి చెప్పినదాంట్లోనూ ఉన్నది ఈ లెక్కే.

నాకు ఎక్కువసార్లు తగిలిన జబ్బు, లూపులో ఒక్కో ఖాతాకీ వెళ్లి డేటాబేస్‌ని అడగడం. ఒక ప్రశ్నకి ఒక మిల్లీసెకను అనుకోండి, ఏముందిలే అనిపిస్తుంది. పది లక్షల ఖాతాలు, ఖాతాకి మూడు ప్రశ్నలు: యాభై నిమిషాలు అక్కడే హారతి! తీరా చూస్తే వడ్డీ రేట్లు పాతికో ముప్పయ్యో ఉంటాయి. మొదట్లోనే ఒకసారి చదివి మెమరీలో పెట్టుకోండి. లావాదేవీలనీ ఖాతాలనీ ఖాతా నంబరు వరసలో సార్ట్ చేసి, రెండూ కలిపి ఒక్కసారి చదువుకుంటూ పోండి. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు వీధుల వారీగా సర్దుకునే కదా సైకిలెక్కుతాడు. డేటా అంతా టేపుల మీదుండే కాలంలో కోబాల్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లకి వేరే దారే లేదు, ఇలాగే చేసేవారు.

తేదీకి ఇండెక్స్ (కావల్సింది త్వరగా దొరికేందుకు డేటాబేస్ పెట్టుకునే సూచిక) ఉన్నా, ఆ కాలమ్‌ని ఫంక్షన్‌లో పెట్టి సంవత్సరం లాగి వెతికితే మామూలు ఇండెక్స్ సాధారణంగా అక్కరకి రాదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని అడగండి.

ఇక కమిట్, అంటే చేసిన మార్పుల్ని డేటాబేస్‌లో ఖాయం చేసే ఆజ్ఞ సంగతి. రికార్డుకోసారి కొడితే ప్రతిసారీ డేటాబేస్ తన మార్పులు రాసుకునే లాగ్ డిస్కుకెక్కాలి. చివర్లో ఒక్కసారే కొడదామంటే లాకులు పేరుకుంటాయి, ఆఖర్లో పడిపోతే చేసిందంతా వెనక్కి తిప్పాలి. వెయ్యికోసారి కొట్టి చూడండి. పూర్తయిన ఆఖరి ఖాతా నంబరు కూడా అదే కమిట్‌లో రాసుకుంటే, ఆగినచోటి నుంచే మళ్లీ ఎత్తుకోవచ్చు.

మార్చాక పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే నెలాఖరు డేటా మీద నడిపి, పైసలతో సహా పోల్చండి. ఒక్క ఖాతాలో రౌండింగు తేడా కనబడినా, అదేంటో తేలేదాకా కొత్తది లైవ్‌లో పెట్టకండి.

మీ తాతయ్య