కంప్యూటర్లో దారి తప్పు పడితే విమానం ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

నేను పైలట్‌నని తెలిస్తే చాలు, పెళ్లి భోజనాల దగ్గర ఎవరో ఒకరు నన్ను పట్టుకుంటారు. "మీరు చేసేదేముంది బాబూ, అంతా కంప్యూటరే కదా! అందులో తప్పు నొక్కితే మా గతేంటి?" అంతా కంప్యూటరే అయితే నొక్కేదెవరని నేను అడగను. అడిగిన పెద్దాయన మర్నాడు అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లే టెన్షన్‌లో ఉంటాడు.

అపోహ: తప్పు కనిపించగానే కంప్యూటర్లో దిద్దేయాలి.

ఇది ప్రయాణికుల కంటే నా దగ్గర సిమ్యులేటర్‌కి (నేల మీదే ఉండే శిక్షణ కాక్‌పిట్) కొత్తగా వచ్చే పిల్లల్లో ఎక్కువ. అన్నిటికంటే ఖరీదైన అపోహ కూడా ఇదే. శంషాబాద్‌లో గాలి మారి 27 రన్‌వే కాస్తా 09 (అంటే ఎదురు దిక్కు) అయిందనుకోండి. ఎఫ్‌ఎంఎస్‌లో, అంటే దారి చూపే కంప్యూటర్లో, రన్‌వేతో పాటు ఎస్‌ఐడీ (ఆ రన్‌వే నుంచి లేచాక పోవాల్సిన నిర్ణీత దారి) కూడా మార్చాలి. హడావుడిలో పాతదే ఉండిపోతే, లేచిన కాసేపటికే విమానం పోకూడని వైపు తిరుగుతుంది. నేను కావాలనే ఈ పరిస్థితి పెడతాను. ఇద్దరి తలలూ ఒక్కసారిగా కీబోర్డు మీదికి వంగుతాయి. ఒకబ్బాయి సరైన పేజీ వెతికేలోగా విమానం పక్క రన్‌వే దారిలోకి వెళ్లిపోయింది. సిమ్యులేటర్ ఆపి, "ఇప్పుడు విమానం ఎవరు నడుపుతున్నారు?" అన్నాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

చేయాల్సింది చాలా చిన్న పని. కంప్యూటర్ దారి వదిలేసి మనం చెప్పిన దిక్కుకే పోయే హెడింగ్ మోడ్‌లోకి మార్చి, చార్టు (దారుల పటం) చెప్పిన వైపు నాబ్ తిప్పాలి. మాట వినకపోతే ఆటోపైలట్ తీసేసి చేత్తో నడపాలి. నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌కి చెప్పి హెడింగ్ అడగాలి. కొండలూ టవర్లూ దాటి సురక్షితమైన ఎత్తుకి చేరాక, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు నింపాదిగా దిద్దుకోవచ్చు. అప్పటిదాకా ఆ పెట్టె జోలికి పోకూడదు.

నమ్మకం కుదరకపోతే 2015 మార్చి 10న సిడ్నీలో జరిగింది చూడండి. కౌలాలంపూర్ వెళ్లాల్సిన ఎయిర్‌ఏషియా ఎక్స్ ఏ330. గేటు దగ్గర విమానం ఎక్కడుందో చెప్పడానికి రేఖాంశం చేత్తో కొట్టారు. కొట్టాల్సింది 15109.8, పడింది 01519.8. అంటే 151 డిగ్రీలు పోయి 15 డిగ్రీలైంది. విమానం సిడ్నీలో నిలబడి ఉంటే, కంప్యూటర్ లెక్కలో అది 11,000 కిలోమీటర్ల అవతల, కేప్‌టౌన్ వైపు సముద్రం మీద ఉంది. పసిగట్టే అవకాశాలు టేకాఫ్‌కి ముందే వచ్చాయి, చేజారిపోయాయి. లేచి ఆటోపైలట్ పెట్టగానే అది ఎడమకి, పక్క రన్‌వే నుంచి లేచే విమానాల దారి వైపు తిరిగింది. కెప్టెన్ హెడింగ్‌తో వెనక్కి తెచ్చాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత గాల్లోనే సరిచేయబోతే, ఉన్న నావిగేషన్ కూడా పాడైంది. దాంతో పాటు గైడెన్స్, కంట్రోల్ వ్యవస్థలూ దెబ్బతిన్నాయి. ఈలోగా సిడ్నీలో వాతావరణం చెడింది. చివరికి మెల్‌బోర్న్‌లో దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు.

అపోహ: జీపీఎస్ ఉందిగా, తప్పెలా పడుతుంది?

పైన చదివారుగా, సిడ్నీలో చేత్తో కొట్టిన స్థానమే తప్పు పడింది. పైగా జీపీఎస్ ఉన్నచోటు చెబుతుంది, మీరు ఏ ఎస్‌ఐడీ ఎంచుకోవాలో చెప్పదు. అందుకే ఒకరు కొడితే రెండోవారు చార్టు పట్టుకుని ఒక్కో పాయింటుకీ దిశ, దూరం సరిచూస్తారు.

అపోహ: కంట్రోలర్ చూసుకుంటాడు.

చూస్తాడు, విమానం తిరిగాక.

అపోహ: వేరే ఊళ్లో దింపారంటే పైలట్‌కి చేతకాలేదు.

వాట్సాప్‌లో ఇలాంటివి పంపేవాళ్లకి చెప్పి లాభం లేదు. భయపడేవాళ్లకి మాత్రం చెబుతున్నా. లేవగానే విమానం గట్టిగా ఒరిగి తిరిగితే, అది దాదాపు ఎప్పుడూ చార్టులో ఉన్న మలుపే. వేరే చోట దిగాల్సి వస్తే ఆలస్యమవుతుంది, చిరాకేస్తుంది, అంతే.

అపోహ: దారి తప్పు పడటమే అన్నిటికంటే ప్రమాదం.

నన్నడిగితే బరువు తప్పు పడటం. 2009 మార్చి 20న మెల్‌బోర్న్‌లో ఎమిరేట్స్ ఏ340కి 362.9 టన్నుల బదులు 262.9 పడింది. ఒక్క అంకె. వేగాలూ ఇంజిన్ శక్తీ ఆ తేలిక బరువుకే లెక్క కట్టారు. తోక నేలకి రాసుకుంది, రన్‌వే అయిపోయింది. కెప్టెన్ పూర్తి శక్తి ఇవ్వడంతో ఎలాగో లేచి, తిరిగొచ్చి క్షేమంగా దిగారు. దారి తప్పు పడితే తిప్పడానికి నాబ్ ఉంటుంది, ఆలోచించడానికి ఆకాశం ఉంటుంది. రన్‌వే చివర ఆ రెండూ ఉండవు. అందుకే విమానం బరువు రాసుండే లోడ్‌షీట్ చదివేటప్పుడు పక్కనెవరైనా మాట్లాడితే మళ్లీ మొదటి నుంచి చదువుతాను.